పింక్ ఫ్లాయిడ్ చివరి రికార్డుల మీద మా తగువు

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ అభిమానులు ఏ ఊళ్లో కలిసినా మాట కాసేపటికి ఒకే చోటికి వస్తుంది. ఆ బ్యాండ్ అసలు ఎప్పుడు అయిపోయింది? కొందరికి 1968లోనే అయిపోయింది, మొదట్లో పాటలు రాసి పాడిన సిడ్ బారెట్ బయటికి వెళ్లినప్పుడు. కొందరికి 1983లో, బేస్ వాయిస్తూ పాటలు రాసిన రోజర్ వాటర్స్ వాళ్లతో చేసిన ఆఖరి ఆల్బంతో. చాలామంది 1994 అంటారు, ఆ తర్వాత వాళ్లు మళ్లీ టూర్‌కి వెళ్లలేదు కాబట్టి. నా లెక్క వేరు. కీబోర్డ్ దగ్గర రిక్ రైట్ ఉంటే అది పింక్ ఫ్లాయిడ్, లేకపోతే కాదు. వరంగల్‌లో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఈ మాట మొదటిసారి అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. ఈలోగా వాళ్లు విడుదల చేయకుండా ఉంచేసిన పాటలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. ఒకటి వచ్చినప్పుడల్లా మా తగువు మళ్లీ మొదలయ్యేది.

మా హాస్టల్లో ఏ గది ముందు నుంచి నడిచినా లోపల ఎవరుంటారో పాటను బట్టి చెప్పొచ్చు. ఇళయరాజా గదులు ఎక్కువ. రెహమాన్ గదులు అప్పుడప్పుడే మొదలయ్యాయి. పింక్ ఫ్లాయిడ్ వినిపించేది మాత్రం పై అంతస్తులో చివరి గది నుంచి. అందులో ఉండే విజయవాడ సీనియర్‌ని మేమంతా అన్నా అనేవాళ్లం. ఆయన దగ్గర ఒక పాత టూ-ఇన్-వన్, చెప్పుల పెట్టెల నిండా క్యాసెట్లు. కొన్నవి తక్కువ, రికార్డ్ చేయించినవి ఎక్కువ. హైదరాబాద్ వెళ్లే ఎవరికైనా ఒక ఖాళీ సీ-90 క్యాసెట్, పాటల చీటీ ఇచ్చి పంపేవాడు. ఆ క్యాసెట్ వచ్చే వరకు సాయంత్రం బండి వేళకు మెస్ దగ్గర నిలబడి ఎదురుచూసేవాడు.

అన్న సిడ్ పార్టీ. ఆయన దృష్టిలో 1967లో వచ్చిన మొదటి ఆల్బం తర్వాత ఈ బ్యాండ్ చేసిందంతా ఆ కుర్రాడు వదిలి వెళ్లిన ఖాళీని పూడ్చుకోవడమే. సిడ్ రాసి, బ్యాండ్ పక్కన పెట్టేసిన రెండు పాటలు ఆయన దగ్గర ఉండేవి. ఒకటి స్క్రీమ్ దై లాస్ట్ స్క్రీమ్, రెండోది వెజిటబుల్ మ్యాన్. రెండూ 1967లో రికార్డ్ చేసినవే. ఏ రికార్డులోనూ లేవు. విదేశంలో ఉన్న బంధువు ఎవరో పంపిన టేపు నుంచి ఎక్కించుకున్నాడట. ఒక టేపు నుంచి ఇంకో టేపుకు, దాన్నుంచి మరో టేపుకు ఎక్కీ ఎక్కీ పాట కంటే బుస ఎక్కువైపోయింది. అయినా చెవి దగ్గర పెట్టుకుని వినేవాళ్లం. వెజిటబుల్ మ్యాన్ సిడ్ తన గురించి తాను రాసుకున్న పాట. ఒంటి మీద ఉన్న బట్టలు మొదలుకొని తనలో తాను ఏమైపోతున్నాడో అన్నీ చెప్పుకుంటూ పోతాడు. నవ్వుతూ మొదలుపెట్టినవాళ్లు కూడా సగంలో నవ్వు మానేసేవారు. "ఇది బయటికి రాకపోవడమే మంచిది, అది పాట కాదు, రోగం" అని ఒకడన్నాడు. అన్నకి చాలా కోపం వచ్చింది. "మనిషి చెప్పుకున్న బాధ విననప్పుడు అతని పాటలు మాత్రం ఎందుకురా వినడం?" అన్నాడు.

నా రూమ్మేట్‌ది శ్రీకాకుళం. వాడు వాటర్స్ పార్టీ. వాడితో వాదించడం కష్టం, ఎందుకో చెప్తాను. వాటర్స్ తండ్రి ఎరిక్ ఫ్లెచర్ వాటర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 ఫిబ్రవరిలో, ఇటలీలోని ఆంజియో దగ్గర చనిపోయాడు. అప్పటికి రోజర్ నెలల పిల్లవాడు. నా రూమ్మేట్ నాన్న 1971 యుద్ధంలో పోయారు. వాడికీ తండ్రి ఫొటోలో ఉన్న మనిషే. హాస్టల్లో ఈ సంగతి తెలిసినవాళ్లం ఇద్దరం ముగ్గురం. వాటర్స్ ఆఖరి ఆల్బం ది ఫైనల్ కట్ క్యాసెట్ వాడు గదిలో ఒక్కడే ఉన్నప్పుడు వినేవాడు. నేను లోపలికి వస్తే ఆపడు గానీ వాల్యూం తగ్గించేవాడు.

ది ఫైనల్ కట్ 1983 మార్చిలో వచ్చింది. అంతకు ముందు ఆల్బం ది వాల్ నుంచి మిగిలిపోయిన కొన్ని పాటలు, బ్రిటన్-అర్జెంటీనా ఫాక్‌లాండ్స్ యుద్ధం మీద కోపంతో రాసిన కొన్ని పాటలు కలిపి వాటర్స్ ఒక్కడే మోసుకొచ్చిన ఆల్బం అది. అట్ట మీదే రోజర్ వాటర్స్ రాసినది, పింక్ ఫ్లాయిడ్ వాయించినది అని ఉంటుంది. మిగిలిపోయిన పాటలు ఎందుకు, అప్పట్లో పనికిరానివి ఇప్పుడెలా పనికొస్తాయి అని గిటారిస్టు డేవిడ్ గిల్మోర్ గొడవ పడ్డాడు. మా గదిలోనూ సరిగ్గా అదే గొడవ. పక్కన పెట్టిన పాటలు తక్కువవా? వాడు ఒప్పుకునేవాడు కాదు. వాళ్ల నాన్న గురించి రాసుకున్న పాట ఏ రోజుదైతే ఏంటి, పక్కన పెట్టినంత మాత్రాన అబద్ధమైపోతుందా అనేవాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, అవసరం కూడా లేదు. నా అభ్యంతరం వేరే. ఆ ఆల్బంలో రిక్ రైట్ లేడు. పియానో మైకేల్ కేమెన్, ఆర్గాన్ ఆండీ బౌన్ వాయించారు. ఇద్దరూ మంచి వాద్యగాళ్లే. కానీ వాటర్స్ గొంతు చించుకుని అరిచి ఆగాక అక్కడ ఖాళీ వినబడుతుంది. పాత ఆల్బంలలో అలాంటి చోట రిక్ ఉండేవాడు.

ఈ సంగతి నాకెందుకు పట్టిందో చెప్పాలంటే మా బాబాయి గురించి చెప్పాలి. ఖమ్మం జిల్లాలో పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడు. జనం చప్పట్లు పద్యానికి, రాగం తీసే నటుడికి. ఆ రాగం ఎంత దూరం పోయినా పట్టుకుని తిరిగి ఒడ్డుకు చేర్చే హార్మోనిస్టు వైపు ఎవరూ చూడరు. అతను ఒక్క రాత్రి రాకపోతే నాటకం పరువు తెలుస్తుంది. చిన్నప్పుడు వేదిక పక్కన కూర్చుని నేను చూసింది బాబాయి వేళ్లనే. హాస్టల్లో పింక్ ఫ్లాయిడ్ పాట షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్ మొదటిసారి విన్నప్పుడు అందరూ గిటార్ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటే నేను ఆ ముందున్న కీబోర్డ్ దగ్గరే ఉండిపోయాను.

రిక్ రైట్‌కి జరిగింది చాలామంది అభిమానులకు తెలిసిందే, అయినా చెప్పకుండా ఉండలేను. 1979లో ది వాల్ పని జరుగుతున్నప్పుడు వాటర్స్ అతన్ని బ్యాండ్ నుంచి తీసేశాడు. మిగతా ఇద్దరూ అడ్డుపడలేదు. తర్వాత ఆ ఆల్బం కచేరీలకు జీతం మీద వాయించాడు, తను పెట్టిన బ్యాండ్‌లోనే జీతగాడిగా. ఆ కచేరీలకు ఖర్చు ఎక్కువై ముగ్గురూ నష్టపోతే, జీతం తీసుకున్న రిక్ ఒక్కడికే డబ్బు మిగిలింది. 1973 నాటి ఆల్బం ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్‌లో ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై స్వరపరిచిన మనిషి, అస్ అండ్ దెమ్‌కి ఆ పియానో ఇచ్చిన మనిషి. అతన్ని అలా చూడటం నాకు ఈ రోజుకీ మింగుడు పడదు.

1994 మార్చి చివర్లో ది డివిజన్ బెల్ ఆల్బం వచ్చింది. మాకు చేరడానికి ఇంకొంత సమయం పట్టింది. సెమిస్టర్ పరీక్షల టెన్షన్‌లో ఉన్నాం. కాజీపేటలో బండెక్కి సికింద్రాబాద్ వెళ్లిన ఒక జూనియర్ క్యాసెట్ తెచ్చాడు. ఆ సాయంత్రం అన్న గదిలో మంచం మీద, కింద, కిటికీ గట్టు మీద ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చున్నాం. మొదటి పాట క్లస్టర్ వన్ చాలాసేపు ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత కీబోర్డ్ ఒక మాట, గిటార్ ఒక మాట. నాకు ఒళ్లు ఝల్లుమంది. "ఇదీ" అన్నాను. "ఏదిరా?" అన్నాడు శ్రీకాకుళం. "రిక్ వచ్చాడు."

వాడికి ఆ ఆల్బం నచ్చలేదు. మాటల్లో పస లేదన్నాడు. వాటర్స్ లేకుండా పింక్ ఫ్లాయిడ్ పేరు పెట్టుకోవడమే తప్పన్నాడు. 1986లో వాటర్స్ కోర్టుకు వెళ్లింది కూడా ఇందుకే కదా అన్నాడు. మాటల విషయంలో వాడిది కొంత నిజం. ఎక్కువ పాటలకు గిల్మోర్ తన భార్య కాబోతున్న పాలీ శాంసన్‌తో కలిసి మాటలు రాశాడు, కొన్ని చోట్ల అవి పలచగానే ఉంటాయి. టేక్ ఇట్ బ్యాక్ నేనూ ముందుకు తిప్పేసేవాణ్ణి. కానీ చివరి పాట హై హోప్స్ పక్కన పెట్టి మాట్లాడటం అన్యాయం. ఆ గంట మోగడం మొదలయ్యాక గదిలో ఎవరూ మాట్లాడలేదు, వాడు కూడా.

ఆ ఆల్బంలో నా పాట వేరింగ్ ది ఇన్‌సైడ్ అవుట్. మాటలు ఆంథనీ మూర్‌వి, పాడింది రిక్. 1973 తర్వాత పింక్ ఫ్లాయిడ్ ఆల్బంలో అతను ముందు నిలబడి పాడటం అదే మొదటిసారి. మూగబోయిన ఒక మనిషి మెల్లగా మళ్లీ నోరు విప్పే పాట అది. ఎవరు రాసినా, ఆ గొంతులో అది అతని సొంత కథలా వినబడుతుంది. ఐదు పాటల స్వరరచనలో అతని పేరుంది. 1975 నాటి విష్ యూ వర్ హియర్ తర్వాత అతని పేరు రచయితగా కనబడింది మళ్లీ ఇక్కడే.

ఆ రికార్డింగ్ గురించి డ్రమ్మర్ నిక్ మేసన్ తర్వాత చెప్పిన ఒక సంగతి నాకు చాలా ఇష్టం. 1993 మొదట్లో గిల్మోర్, మేసన్, రైట్ ముగ్గురూ లండన్‌లోని తమ బ్రిటానియా రో స్టూడియోలో కూర్చుని ఏ ముందస్తు ఆలోచనా లేకుండా వాయించుకుంటూ పోయారు. అరవై ఐదు దాకా సంగీతపు ముక్కలు తయారయ్యాయి. ఏవి ఉంచాలో తేల్చడానికి ఒక్కొక్క ముక్కకు పది మార్కుల లెక్కన ఓటేసుకున్నారు. రిక్ తను చేసిన వాటన్నిటికీ పదికి పది వేసుకుని, మిగతావాటికి సున్నా వేశాడు. లెక్కంతా తలకిందులైంది. ఇన్నేళ్లు పక్కన కూర్చోబెట్టిన మనిషి అలా వేశాడంటే నాకు అర్థమవుతుంది. ఓటింగ్‌లో ఓడిపోయిన ఆ ముక్కలు ఎక్కడున్నాయి, ఎలా ఉంటాయి అన్న ఆరాటం కూడా అప్పుడే పట్టుకుంది.

మిగిలిపోయినవాటిలో నుంచి రికార్డింగ్ ఇంజనీర్ ఆండీ జాక్సన్ ఒక గంట నిడివి ఉన్న వాద్యసంగీతాన్ని కూర్చాడు. ది బిగ్ స్ప్లిఫ్ అని పేరు పెట్టుకున్నారు. విడుదల చేయలేదు. దాని గురించి చదివిన అభిమానులంతా ఏళ్ల తరబడి దానికోసం కలవరించారు. అందులో నేనూ ఉన్నాను.

చదువులయ్యాక అన్న బెంగళూరులో, నేను హైదరాబాద్‌లో, శ్రీకాకుళం మిత్రుడు కొంతకాలం హైదరాబాద్‌లో ఉండి ఆ తర్వాత న్యూజెర్సీలో. 2002 ఏప్రిల్‌లో రోజర్ వాటర్స్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో పాడతాడని తెలియగానే కాచిగూడలో రైలెక్కాం. రాత్రంతా బెర్త్‌ల మీద కూర్చుని వాదన. పక్క బెర్త్ పెద్దాయన లేచి "బాబూ, ఎవరిదైనా ఆస్తి తగాదానా?" అని అడిగారు. ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు, పేరు ఎవరిది అన్నదే కదా గొడవంతా.

ఆ కచేరీలో నా మిత్రుడు ఏడ్చాడు. పక్కనే ఉన్నాను, భుజం మీద చెయ్యేసి నిలబడ్డాను. వాటర్స్ ఎంత గొప్పవాడో ఆ రాత్రి నేను ఒళ్లంతా విన్నాను, దానికి ఎవరూ నాకు సాక్ష్యం చెప్పక్కర్లేదు. కీబోర్డ్ దగ్గర అతని కొడుకు హ్యారీ ఉన్నాడు. ది వాల్‌లో గుడ్‌బై బ్లూ స్కై మొదట్లో ఆకాశంలో విమానాన్ని చూపిస్తూ తల్లిని పిలిచే పసిగొంతు ఆ హ్యారీదే. తండ్రి లేకుండా పెరిగిన మనిషి తన కొడుకుని పక్కన పెట్టుకుని వాయిస్తున్నాడు. మిత్రుడు అదే చూస్తున్నాడని నాకు తెలుసు. తిరుగు ప్రయాణంలో వాదించుకోలేదు.

2005 జూలై 2న లండన్ హైడ్ పార్క్‌లో లైవ్ 8 అనే సేవా కచేరీ కోసం వాటర్స్, గిల్మోర్, మేసన్, రిక్ నలుగురూ కలిశారు. మనకు అప్పటికి తెల్లవారుజాము. మర్నాడు నెట్‌లో వీడియో దొరికేసరికి ముగ్గురం ఫోన్ల మీద ఉన్నాం. అందరూ వాటర్స్, గిల్మోర్ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారా అని చూశారు. నేను వెనక కీబోర్డ్ దగ్గర కూర్చున్న తెల్లజుట్టు మనిషిని చూశాను. ఆ నలుగురూ కలిసి వాయించడం అదే ఆఖరు. మరుసటి ఏడు జూలైలో సిడ్ పోయాడు. అన్న ఆ రోజు ఫోన్ ఎత్తలేదు. 2008లో రిక్. ఆ వార్త నాకు చెప్పింది న్యూజెర్సీ నుంచి మిత్రుడే. "నీ మనిషి పోయాడురా" అన్నాడు. ఇంకేం మాట్లాడుకోలేదు.

ఆ తర్వాతే పెట్టెలు తెరవడం మొదలైంది. 2011లో పాత ఆల్బంలను పెద్ద పెట్టెలుగా మళ్లీ విడుదల చేశారు. డార్క్ సైడ్ విజయం తర్వాత ఏం చేయాలో తోచక వాళ్లు ఇంట్లో దొరికే వస్తువులతో ఒక ఆల్బం చేద్దామని మొదలుపెట్టి వదిలేశారని ఎప్పటినుంచో వింటున్నాం. రబ్బరు బ్యాండ్లు, సీసాలు, వైన్ గ్లాసులు. అందులోవి రెండు ముక్కలు ఈ పెట్టెల్లో వచ్చాయి. వైన్ గ్లాసుల అంచుల మీద తడివేలు తిప్పి తీసిన ఆ ధ్వని వింటే షైన్ ఆన్ మొదట్లో వచ్చే ఆ మంచు తెరలాంటి శబ్దం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలిసింది. వదిలేసిన ప్రయత్నం ఒక గొప్ప పాట పునాదిలోకి వెళ్లిందన్నమాట.

దాని కంటే పెద్ద ఆశ్చర్యం జాజ్ వాద్యకారుడు స్టెఫాన్ గ్రాపెల్లీ వయొలిన్. 1975లో లండన్‌లోని ఆబీ రోడ్ స్టూడియోలో విష్ యూ వర్ హియర్ రికార్డ్ చేస్తుంటే పక్క స్టూడియోలో మరో వయొలిన్ విద్వాంసుడు యెహూదీ మెనుహిన్, గ్రాపెల్లీ వాయిస్తున్నారు. గ్రాపెల్లీని పిలిచి ఆల్బం పేరే ఉన్న పాటకు వయొలిన్ వాయించమన్నారు. ఆయన వాయించాడు. చివరికి ఆల్బంలో అది వినబడకుండా పోయింది. ఆ టేపు మీద వేరేది రికార్డ్ చేసేశారనీ, అది పోయినట్టేననీ దశాబ్దాల పాటు అందరూ నమ్మారు. ఆ మాట అన్న గదిలోనూ ఎన్నిసార్లు అనుకున్నామో. 2011లో అది నిక్షేపంగా దొరికింది. మొదటిసారి విన్నప్పుడు పాట చివర వయొలిన్ అలా ఎగిరిపోతుంటే, ఇన్నేళ్లూ ఇది లేకుండా విన్నామా అనిపించింది. అయినా నా అభిప్రాయం, తీసేయడమే సరైన నిర్ణయం. ఆ పాటకు ఒంటరితనం కావాలి. అన్న ఒప్పుకోడు. ఆయనకి ఇప్పుడు వయొలిన్ ఉన్నదే అసలు పాట.

2016 నవంబర్‌లో ఇరవై ఏడు డిస్కులతో తొలినాళ్ల పెట్టె వచ్చింది. స్క్రీమ్ దై లాస్ట్ స్క్రీమ్, వెజిటబుల్ మ్యాన్ రెండూ అధికారికంగా అందులో ఉన్నాయి. రికార్డ్ చేసిన నలభై తొమ్మిదేళ్లకు. ధర సామాన్యుడికి అందేది కాదు, ఇది ఎంత చెప్పినా తక్కువే. జీవితమంతా టేపులు ఎక్కించుకుని బతికించిన అభిమానులకు ఆ ధర పెట్టడం నాకు నచ్చలేదు. అన్న మాత్రం కొన్నాడు. బుస లేకుండా సిడ్ గొంతు విన్నాక ఆయన ఫోన్‌లో అన్న మాట, "పిల్లాడురా, ఇరవై ఒక్క ఏళ్ల పిల్లాడు." హాస్టల్లో విన్నప్పుడు మా అందరి వయసూ అదే. అప్పుడు ఆ సంగతి తట్టలేదు ఎవరికీ.

అదే పెట్టెలో నాకూ ఒకటి దొరికింది. 1969 చివర్లో ఇటలీ దర్శకుడు మికెలాంజెలో ఆంటోనియోని సినిమా జబ్రిస్కీ పాయింట్ కోసం వాళ్లు రోమ్‌లో రికార్డ్ చేశారు. అల్లర్ల దృశ్యానికి రిక్ ఒక్క పియానో వాయించాడు. తెర మీద లాఠీలు, రక్తం, దాని మీద నెమ్మదైన పియానో. అందంగా ఉంది కానీ మరీ విషాదంగా ఉంది, చర్చి గుర్తొస్తోంది అని దర్శకుడు వద్దన్నాడట. రిక్ దాన్ని పారేయలేదు. మూడేళ్ల తర్వాత అదే అస్ అండ్ దెమ్ అయింది. సినిమా కోసం వాయించిన ఆ అసలు ముక్క ది రయట్ సీన్ పేరుతో 2016లో వచ్చింది. విని మిత్రుడికి పంపాను. "అస్ అండ్ దెమ్ మాటలు మావాడివి" అని జవాబిచ్చాడు. యుద్ధం మీద, ముందు వరుసలో చచ్చేవాళ్ల మీద ఆ మాటలు రాసింది వాటర్సే, నిజమే. అయితే ఆ మాటలు వచ్చి కూర్చునే చోటును అంతకు ముందే పియానో మీద సిద్ధం చేసింది రిక్. ఆ పాట దగ్గర మేమిద్దరం ఎప్పుడూ రాజీకొస్తాం.

ఇక మా మధ్య పెద్ద గొడవ 2014ది. ఆ జూలైలో పాలీ శాంసన్ ఒక ట్వీట్‌లో ది ఎండ్‌లెస్ రివర్ అనే ఆల్బం వస్తోందని రాసింది. 1993 నాటి రికార్డింగుల నుంచి, రిక్ వాయించిన వాటి నుంచి. నేను ఆఫీసులో ఉన్నాను. ఆ రోజు ఇంక పని చేయలేకపోయాను. నిర్మాతగా ఫిల్ మాంజనేరా ఇరవై గంటల టేపులు విని, నాలుగు భాగాలుగా ఒక రూపం తెచ్చాడు. యూత్ అనే పేరున్న మరో నిర్మాత, ఆండీ జాక్సన్, గిల్మోర్ దాని మీద పని చేశారు. గిల్మోర్, మేసన్ కొత్తగా కొంత వాయించారు. నవంబర్‌లో వచ్చింది. మాటలున్న పాట చివరిదొక్కటే, లౌడర్ దాన్ వర్డ్స్. ఆల్బం పేరు హై హోప్స్ ఆఖరి మాటల్లోది.

మిత్రుడు విని రాత్రికి ఫోన్ చేశాడు. "ఇది ఆల్బం కాదు, లిఫ్టులో పెట్టే సంగీతం. చనిపోయిన మనిషి టేపులతో వ్యాపారం" అన్నాడు. అన్న కూడా వాడి వైపే. ఓటింగ్‌లో ఓడిపోయినవి ఇరవై ఏళ్ల తర్వాత గెలుస్తాయా అని ఆయన ప్రశ్న. నాకు చాలా బాధేసింది. ఆ వారం ఇద్దరికీ ఫోన్ చేయలేదు.

లోపాలు నాకు వినబడలేదని కాదు. మూడో భాగంలో ముక్కలు మరీ చిన్నవి. ఆన్ నూడిల్ స్ట్రీట్ కుదురుకునేలోపే అయిపోతుంది. ఇట్స్ వాట్ వుయ్ డూ వింటుంటే షైన్ ఆన్ నీడ మరీ దగ్గరగా ఉంటుంది. డివిజన్ బెల్‌లో ఒకసారి విన్న స్టీఫెన్ హాకింగ్ గొంతు మళ్లీ తేవాల్సిన పని లేదు. కానీ దీన్ని కొత్త ఆల్బంలా తూచడం ఎందుకు? ఆటమ్ 68 అని ఒక చిన్న ముక్క ఉంది. 1969లో రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో ఉన్న ఆ మహా పైప్ ఆర్గాన్ మీద పాతికేళ్ల రిక్ వాయించుకున్నది. దాని చుట్టూ గిల్మోర్, మేసన్ అరవై దాటాక కూర్చుని వాయించారు. పోయిన స్నేహితుడి చేతులకు తోడుగా వాయించడం వ్యాపారం ఎలా అవుతుంది? డబ్బు వచ్చింది, కాదనను. అయినా ఆ నిమిషంన్నర సంగీతం డబ్బు కోసం చేసినది కాదు. వింటే తెలుస్తుంది.

అదే ఏడాది ఫిబ్రవరిలో, తండ్రి చనిపోయిన డెబ్బై ఏళ్లకు, ఇటలీలోని అప్రీలియాలో వాటర్స్ ఒక స్మారక చిహ్నాన్ని ఆవిష్కరించాడు. తండ్రి ఎక్కడ పడిపోయాడో అప్పటికి గానీ అతనికి సరిగ్గా తెలియలేదు. ఆ వార్త నాకు పంపింది మిత్రుడే. ఎండ్‌లెస్ రివర్ గొడవ తర్వాత మళ్లీ ఫోన్ చేసినప్పుడు నేను ఆ సంగతే ఎత్తాను. నువ్వు ఫైనల్ కట్‌ని ఎలా వింటావో నేను దీన్ని అలా వింటున్నాను అన్నాను. కాసేపాగి, "అయితే సరే" అన్నాడు. ఆల్బం మీద వాడి అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

2019 చివర్లో వచ్చిన ది లేటర్ ఇయర్స్ పెట్టె నా వాదనకు దొరికిన పెద్ద బలం. 1987 నాటి ఎ మొమెంటరీ లాప్స్ ఆఫ్ రీజన్ నాకు ఎప్పుడూ ఇబ్బందే. వాటర్స్ వెళ్లాక వచ్చిన మొదటి ఆల్బం, థేమ్స్ నది మీద గిల్మోర్ పడవ స్టూడియోలో మొదలైంది. బయటి వాద్యగాళ్లు, డ్రమ్ యంత్రాలు, ఎనభైల మెరుగులు. రిక్ ఆలస్యంగా వచ్చాడు, వాయించింది తక్కువ. అట్ట మీద మాత్రం సముద్రం ఒడ్డున వందల ఆసుపత్రి మంచాలు, అద్భుతం. 2019లో ఆ ఆల్బంని కొత్తగా మిక్స్ చేశారు. మేసన్ డ్రమ్స్ మళ్లీ వాయించాడు. ఆనాటి కచేరీల టేపుల నుంచి రిక్ కీబోర్డ్ తీసి పాటల్లో పెట్టారు. అందులోని సారో అనే పాట విని చూడండి. పాట అదే, గొంతు అదే. లోపల గాలి ఆడుతుంది. పదకొండేళ్ల క్రితం పోయిన మనిషిని తెచ్చి కూర్చోబెడితే ముప్పై రెండేళ్ల నాటి ఆల్బం పింక్ ఫ్లాయిడ్ ఆల్బం అయింది. అందులోనే డివిజన్ బెల్ రోజుల మిగులు కూడా కొంత వచ్చింది. రిక్స్ థీమ్ అనేది వాటిలో ఒకటి. అరవై ఐదు ముక్కల్లో అతను పది మార్కులు వేసుకున్నవాటిలో అదీ ఉండి ఉంటుందని నా నమ్మకం.

2022 ఏప్రిల్‌లో పింక్ ఫ్లాయిడ్ పేరుతో హే హే రైజ్ అప్ అనే పాట వచ్చినప్పుడు మిత్రుడు వెంటనే పట్టుకున్నాడు. "రిక్ లేడు కదా, మరి ఇది పింక్ ఫ్లాయిడా?" ఉక్రెయిన్ గాయకుడు ఆండ్రీ ఖ్లివ్న్యుక్ కీవ్ నగరంలో తుపాకీ భుజాన వేసుకుని పాడిన పాటకు గిల్మోర్, మేసన్ సంగీతం కట్టారు. బేస్ గై ప్రాట్, కీబోర్డ్ నితిన్ సాహ్ని. డబ్బంతా ఉక్రెయిన్ సహాయానికి వెళ్లింది. నా జవాబు ఒక్కటే. మంచి పని, మంచి గిటార్, పింక్ ఫ్లాయిడ్ కాదు. పేరు పెట్టుకుంటే ఎక్కువమందికి చేరుతుందని పెట్టారు, అందులో నాకే అభ్యంతరమూ లేదు. వాడు ఆ మాట విని సంతోషించాడు. నేను నా నియమం నాకే వర్తింపజేస్తానా లేదా అని చూసినట్టున్నాడు.

2025 డిసెంబర్‌లో విష్ యూ వర్ హియర్ యాభై ఏళ్ల పెట్టె వచ్చింది. అందులో మైక్ మిల్లర్డ్ అనే అభిమాని 1975లో లాస్ ఏంజెలెస్ కచేరీలో రహస్యంగా రికార్డ్ చేసిన టేపుని అధికారికంగా చేర్చారు. చక్రాల కుర్చీలో టేప్ రికార్డర్ దాచుకుని కచేరీలకు వెళ్లేవాడని పేరున్న మనిషి. ఎన్నో ఏళ్లు దొంగ రికార్డింగ్ అన్నదాన్ని బ్యాండ్ తన సొంత పెట్టెలో పెట్టుకుంది. అన్నకి అది పండగ. ఒక అభిమాని టేపు బ్యాండ్ వాళ్ల టేపు పక్కన కూర్చుంది చూశావా అని నాలుగుసార్లు అన్నాడు. చెప్పుల పెట్టెల్లోని ఆ పాత క్యాసెట్లు ఇంకా ఉన్నాయట, టూ-ఇన్-వన్ మాత్రం పాడైంది.

బిగ్ స్ప్లిఫ్ ఇంకా రాలేదు. 2014లో దాన్ని ఉన్నదున్నట్టు ఇవ్వకుండా మాంజనేరా రూపంలో ఇచ్చారు. రికార్డుల హక్కులు 2024లో సోనీ చేతికి వెళ్లాయి కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని నా ఆశ. అన్న వద్దంటాడు, దాచినవన్నీ తవ్వితే ఏం మిగులుతుందంటాడు. వెజిటబుల్ మ్యాన్ కోసం అంత కొట్లాడిన మనిషి ఈ మాట ఎలా అంటాడో నాకర్థం కాదు, ఆ మాటే ఆయనతో అన్నాను. మిత్రుడు వింటానన్నాడు, ఒక్కసారి. ఆ గంటలో గిల్మోర్ ఎంత ఉన్నాడో, మేసన్ ఎంత ఉన్నాడో నాకు పట్టదు. 1993లో ఆ గదిలో రిక్ మళ్లీ పూర్తి సభ్యుడిలా కూర్చుని, ఎవరి అనుమతీ అడగకుండా వాయించుకున్నాడు. అది నాకు వినాలని ఉంది, ముక్కలు చేయకుండా, మొదటి నుంచి చివరి దాకా.